ఎడమ చుట్టు

గోడలకు రంగు వేయించాలి, నీ గదిలో సామాను తీసెయ్యమ్మా అని స్వరూప రెండు వారాలుగా చెబుతోంది. స్వరూప నా కూతురు. పరాయి దేశంలో ఫ్రిస్కో అనే ఊళ్లో వాళ్ల ఇంట్లో మేడమీద ఒక గది నాది, ఆ గదిలో ఒక గోడ పొడవునా నా డైరీలు. ముప్పై మూడేళ్లు ప్రభుత్వ బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. డైరీ మాత్రం ఉద్యోగానికి చాలా ముందు, పదిహేనేళ్ల వయసులోనే మొదలుపెట్టాను. ఏ రోజూ మానలేదు. స్వరూప పుట్టిన రోజున రెండే మాటలు రాశాను, అయినా రాశాను. హైదరాబాద్ నుంచి వచ్చేసేటప్పుడు చీరలు తగ్గించుకుని డైరీలు మోసుకొచ్చానని అల్లుడు రవి ఇప్పటికీ ఆటపట్టిస్తుంటాడు. వాటిని అట్టపెట్టెల్లో సర్దుతుంటే గోధుమరంగు అట్ట ఉన్న డైరీలోంచి ఏదో జారి ఒళ్లో పడింది. పది పన్నెండు ఎర్రటి తోకవెంట్రుకలు, రబ్బరు బ్యాండు చుట్టి ఉన్నాయి. బిస్కెట్‌వి. బిస్కెట్ ఒక గుర్రం. నా మనవరాలు నిత్య పదమూడేళ్లప్పుడు స్వారీ నేర్చుకున్నది దాని మీదే. ఇప్పుడు నిత్య కాలేజీలో ఉంది. నేను పెట్టెలు సర్దడం ఆపి, రంగుల వాళ్లు బెల్లు కొట్టేదాకా మంచం మీదే కూర్చుని ఆ పేజీలు చదివాను. నా చిన్నతనంలో ఒక సంగతి ఉంది, ఇన్ని డైరీల్లో ఒక్కదానిలోనూ నేను పూర్తిగా రాయనిది. అది చెప్పాలంటే బిస్కెట్ గురించి కూడా చెప్పాలి.

మా నాయిన హైదరాబాద్‌లో పోలీసు గుర్రాల లాయంలో పనిచేసేవాడు. కొత్తగా వచ్చిన గుర్రాలను సిపాయిలు ఎక్కడానికి పనికొచ్చేలా తీర్చడం ఆయన ఉద్యోగం. లాయం వెనకే మా క్వార్టరు, రెండు గదులు, ఒక రేకుల వంటిల్లు. తెల్లవారకముందే పెద్ద గంగాళాల్లో ఉలవలు ఉడికే వాసన వచ్చేది. నాకు ఆ వాసనే గడియారం. దానితోపాటు తడిసిన తోలు, డెక్కలకు రాసే వేపనూనె, వెచ్చటి పేడ. ఈ వాసనలన్నీ మా బట్టల్లో ఉండేవని బడిలో పక్కపిల్లలు చెబితే గానీ నాకు తెలియలేదు. మా అమ్మకు ఉలవల వాసన గిట్టేది కాదు. ఊళ్లో అందరిళ్లల్లో ఉలవచారు కాచేవాళ్లు, మా ఇంట్లో ఒక్కనాడూ కాచింది లేదు. "గుర్రాలతోటి పంక్తిల కూసుంటమా ఏంది" అనేది. నాయిన నవ్వి, సాసర్‌లో పోసుకున్న చాయ్ ఊదుకుంటూ, "అవి మనతోటి కూసుంటయా అది అడుగు" అనేవాడు. ముందు గుర్రాలు తాగాలి, తర్వాత ఆయన. చలికాలమైనా ఎండాకాలమైనా ఆ వరుస మారలేదు.

నాయినకు చదువు రాదు. లాయంలో ప్రతి గుర్రానికీ ఒక రిజిస్టరు ఉండేది, ఎంత దాణా తిన్నది, నాడాలు ఎప్పుడు కొట్టారు, ఎంత సేపు తిప్పారు, అన్నీ రోజూ రాయాలి. పదేళ్ల వయసునుంచి ఆయన గుర్రాల రిజిస్టర్లు నేనే రాసేదాన్ని. స్కేలు పెట్టి గీతలు గీసి, నీలం సిరాతో గడులు నింపేదాన్ని. చూసినవాళ్లు ఏ గుమాస్తాదో అనుకునేవాళ్లు. గుర్రాల మీద నాకున్న ప్రేమ కన్నా ఆ గడుల మీద ఉన్న ప్రేమే ఎక్కువేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. నాయిన పని తీరు మాత్రం రాతలో పట్టేది కాదు. గుర్రాన్ని మైదానంలో పొడవాటి తాడు కట్టి గుండ్రంగా పరిగెత్తిస్తుంటే అందరూ దానికేసి చూసేవాళ్లు. ఆయన ఒక బకెట్టు బోర్లించుకుని, గుర్రానికి వీపు పెట్టి కూర్చునేవాడు. ఎందుకు నాయినా అంటే, "చూస్తే కండ్లు మోసం చేస్తయి బిడ్డా. సక్కని గుర్రమైతే ఇంకా మోసం చేస్తయి. నేను చెవులతోటి ఇంట" అనేవాడు.

ఆయన వినేది ఏమిటో చెప్పాలి. గుర్రానికి మామూలు నడక ఉంది, దాని మీద రెండు దెబ్బల దుల్కీ ఉంది, చివర ఒళ్లు తెలియని దౌడు ఉంది. దుల్కీకీ దౌడుకీ మధ్య మూడు దెబ్బల పరుగు ఒకటుంది. ఇక్కడ దాన్నే కాంటర్ అంటారు. మూడు దెబ్బలు, ఆ వెంటనే ఒక్క క్షణం నాలుగు కాళ్లూ గాల్లో. ఈ పరుగులో గుర్రం తన బరువును వెనక కాళ్ల మీదికి తీసుకోగలగాలి. తీసుకోలేని గుర్రం ముందుకు వాలుతుంది. వాలినకొద్దీ వేగం పెంచుతుంది. మలుపు వచ్చేసరికి లోపలి భుజం మీద ఒరిగిపోతుంది, సైకిలు నేర్చుకునేవాడు పడబోతూ పడబోతూ ఇంకా గట్టిగా తొక్కినట్టు. అలాంటప్పుడు మూడు దెబ్బలు చెదిరి నాలుగవుతాయి, గాల్లో ఉండే ఆ క్షణం మాయమవుతుంది. నాయిన వినేది ఆ క్షణం కోసమే.

బిస్కెట్ తంటా కూడా అదే. పక్క ఊరు ప్రాస్పర్ దాటాక, కొత్త ఇళ్ల వరుసలు ఇంకా అందుకోని పొలాల మధ్య డోనా అనే ఆవిడ నడిపే గుర్రాల బార్న్, మన లాయం లాంటిది, ఉంది. డోనాది నా కూతురి కన్నా నాలుగైదేళ్లు పెద్ద వయసు. ఎండకు కాగిన ముఖం, తక్కువ మాటలు. నిత్య వారానికి ఒక పాఠం ఆవిడ దగ్గర నేర్చుకునేది, మరో మూడు రోజులు తనంతట తాను బిస్కెట్‌ను తిప్పుకోవచ్చు. బిస్కెట్ ఎర్రటి గుర్రం, నుదుట తెల్ల చుక్క, ఓపికగల ముఖం. కుడి చుట్టు ఎలాగో నెట్టుకొచ్చేవాడు. ఎడమ చుట్టు కాంటర్‌లో పెడితే నాలుగు అంగలకే లోపలికి ఒరిగి, తడబడి, దుల్కీలోకి పడిపోయేవాడు. ఆ ఎండాకాలం మొదట్లో డోనా స్వరూపను పక్కకు పిలిచి చెప్పింది. ఇలా ఒరిగే గుర్రాన్ని పిల్లల కింద ఉంచలేను, వేసవి సెలవులు అయ్యేలోగా ఎడమవైపు ఒక్క చుట్టు పూర్తిగా, నిలకడగా తిరిగితే సరి, లేకపోతే కొన్న వ్యాపారికి తిరిగి పంపేస్తాను అని. కార్‌లో ఇంటికి వస్తున్నంత సేపూ నిత్య కిటికీలోంచి బయటికే చూసింది.

"అమ్మమ్మా, వాడిని వాళ్లు ఎక్కడికి సెండ్ చేస్తారు?" అంది చివరికి.

"తెలియదమ్మా."

"ఎవరు తీసుకుంటారు వాడిని? లీన్ అయ్యే గుర్రం ఎవరికి కావాలి?"

నాకు తెలుసు అలాంటి గుర్రాన్ని ఎవరు తీసుకుంటారో. 

మా ఇంట్లో ఏ కష్టానికైనా ఒకటే మందు. ఆ సాయంత్రమే స్వరూప కంప్యూటర్‌లో ఒక చార్టు చేసి ఫ్రిజ్ మీద అతికించింది. స్పెల్లింగ్ పోటీకి అలాంటిదే, లెక్కల క్లాసుకి అలాంటిదే, కూచిపూడి అడుగులకూ అలాంటిదే. తేదీ, చుట్లు, సంతకం. రవిది గుంటూరు వైపు, మాటకు ముందు నవ్వొస్తుంది అతనికి. "గుర్రానికి కూడా హోంవర్కేనండీ? అది ఏ గ్రేడండీ అత్తయ్యగారూ?" అన్నాడు. "నువ్వు ఊరుకో. ప్రాక్టీస్ చేస్తేనే వస్తది గదా అమ్మా? నువ్వే గదా లెక్కలకు అట్ల చెప్పేదానివి" అంది స్వరూప. నేను అవునన్నాను. అనడమే కాదు, లెక్కపెట్టే పని నేనే తీసుకున్నాను. ఇది దాచుకోవాల్సిన విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. ఆ ఇంట్లో గుర్రాల మధ్య పెరిగినది నేనొక్కదాన్నే, తెలియాల్సినది నాకే, అయినా అవునన్నాను. అంకె రోజురోజుకూ పెరుగుతుంటే ఒక రకమైన తృప్తి ఉంటుంది. ముప్పై మూడేళ్లు అంకెలతో బతికినదానికి ఆ తృప్తి తీపి తిండి లాంటిది.

పొద్దున్నే ఏడుకల్లా, ఎండ ముదరకముందే బయల్దేరేవాళ్లం. స్వరూప మమ్మల్ని దింపి ఆఫీస్‌కి వెళ్లేది, తిరిగి తీసుకెళ్లేది రవి. బార్న్‌లో పెద్ద ఫ్యాన్లు గిర్రున తిరిగేవి, ఎండుగడ్డి వాసన, ఈగల మందు వాసన, వాటి కింద నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన చెమట వాసన. ఇన్ని సముద్రాల అవతల కూడా గుర్రం గుర్రంలాగే ఉండడం నాకు ధైర్యంగా ఉండేది. కంచె పక్కన ఫోల్డింగ్ కుర్చీ వేసుకుని నేను లెక్కపెట్టేదాన్ని. మొదటిరోజు ఎడమవైపు పద్నాలుగు చుట్లు. ఒరిగినా, దుల్కీలోకి పడినా, మళ్లీ కాంటర్‌లోకి తోసి చుట్టు పూర్తిచేయించడమే. నిత్య పళ్లు బిగబట్టి పగ్గాలు పట్టుకుని గుర్రం తలను పైకి ఎత్తి ఉంచేది. గుర్రం తన బరువంతా తెచ్చి నిత్య చేతుల మీద పెట్టేది. నిత్య అరచేతులు ఎర్రగా కందిపోయేవి. రెండో వారం ముగిసేసరికి ఇరవై నాలుగు చుట్లకు వచ్చాం. ఆ ఇరవై నాలుగో చుట్టులో బిస్కెట్ మలుపులో మోకాలు మడిచి తూలాడు, నిత్య వాడి మెడ మీదుగా జారి ఇసకలో పడింది. దెబ్బ తగల్లేదు. లేచి నోట్లో ఇసక ఉమ్మి, మొదట గుర్రం కాళ్లు తడిమి చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "కౌంట్ అవుతుందా అది?" అని అడిగింది.

"అయితది" అన్నాను.

సాయంత్రం చాయ్ తాగాక ఆనాటి పేజీ రాయడానికి కూర్చున్నాను. ఇరవై నాలుగు అని రాశాను. పై గడుల్లోకి చూపు పోయింది. పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు. రెండేసి పెంచుకుంటూ పోయాను. ఎవరూ చెప్పలేదు రెండేసి పెంచమని. స్కేలుతో గీసిన గీతలు, నీలం సిరా, ఎక్కడా కొట్టివేత లేదు. ఈ కాలమ్‌ను నేను ఇదివరకే ఒకసారి రాశాను. కలం పక్కన పెట్టాను. వంటింట్లోంచి రవి "అత్తయ్యగారూ, ఇంకో కప్పు పోయమంటారా" అని రెండుసార్లు అడిగినట్టున్నాడు.

నాకు పదిహేనేళ్లప్పుడు నాయిన ఒక కొత్త గుర్రం మీదనుంచి పడి తొడ ఎముక విరిగి ఆసుపత్రిలో మూడు వారాలు ఉన్నాడు. అప్పుడు ఆయన తీరుస్తున్నది చాందిని అనే తెల్ల ఆడగుర్రం. మంచి మనసున్న జంతువు, కాకపోతే ఎడమవైపు కొంచెం బలహీనం. నెలాఖరుకు పెద్దాఫీసరు వచ్చి గుర్రాలను పరీక్షించాలి. మిగతా మనుషులకు ఎవరి గుర్రాలు వాళ్లకున్నాయి. మంచం మీదనుంచి నాయిన నాతో, "రోజు జరంత తిప్పు బిడ్డా, తాడు మీదనే. రాసి పెట్టు" అన్నాడు. ఆడపిల్లకు తాడు అప్పగించాడని లాయంలో నవ్విన వాళ్లున్నారు. వాళ్ల నోళ్లు మూయించాలనుకున్నాను. రోజూ పొద్దున బడికి ముందు చాందినిని తాడు మీద ఎడమ చుట్టు పరిగెత్తించాను. బలహీనమైన వైపే కదా ఎక్కువ చేయాలి, తప్పిన లెక్కనే కదా పదిసార్లు చేయిస్తారు బడిలో. పద్నాలుగుతో మొదలుపెట్టి, రెండేసి పెంచుతూ నలభైకి వచ్చాను. రిజిస్టరు ముత్యాల్లా ఉంది. టిఫిన్ గిన్నె తీసుకుని ఆసుపత్రికి పోయినప్పుడల్లా "బాగ తిప్పుతున్న నాయినా" అనేదాన్ని. ఆయన నా తల నిమిరేవాడు.

పరీక్ష రోజున నాయిన చంక కింద కర్ర పెట్టుకుని వచ్చి బకెట్టు మీద కూర్చున్నాడు, గుర్రానికి వీపు పెట్టి. సిపాయి చాందినినెక్కి ఎడమ చుట్టులో పెట్టాడు. నేను నాయిన ముఖాన్నే చూస్తున్నాను. మూడు నాలుగు అంగలు వినగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. చాందిని రెండో మలుపులో భుజం మీద ఒరిగి మోకాళ్ల మీద పడింది, సిపాయి దాని కింద పడబోయి తప్పించుకున్నాడు. పెద్దాఫీసరు కాగితం మీద కండెమ్, అంటే ఇక పనికిరాదు అని రాశాడు. ఆ మాటకు అప్పీలు లేదు. వారంలో వేలం.

ఇంటికొచ్చాక నాయిన రిజిస్టరు చదవమన్నాడు. చదివాను. ముప్పై నాలుగు, ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది.

"ఎందుకు బిడ్డా అన్ని సుట్లు?"

"ముందురోజు కన్న ఎక్కువ తిప్పాలె గదా నాయినా."

"ఇందుల మంచిగ ఉరికినయి ఎన్ని?"

 అలాంటి గడి నేను గీయలేదు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. నేల మీద పుల్లతో ఒక గుండ్రం గీసి, నెమ్మదిగా చెప్పాడు. అలసిన గుర్రానికి ఒరగడమే అలవాటవుతుంది, నువ్వు నలభై చుట్లు దానికి నేర్పింది ఒరగడమే అన్నాడు. పది అంగలు మంచిగా ఉరికితే అక్కడ ఆపి మెడ తట్టాలి, పదకొండోది చెడుతుందని చెవికి తెలిసేలోపలే ఆపాలి, మళ్లీ దుల్కీ, మళ్లీ పది అంగలు. ఆపడం, ఎత్తుకోవడం, ఆపడం, ఎత్తుకోవడం. దాంతోనే వెనక కాళ్లకు బలం వస్తుంది. తిరిగిన చుట్లతో రాదు. ఇదంతా మర్నాడు ఆఫీసరు ముందు ఆయన చెప్పలేదు. గుర్రాన్ని ఎవరు తిప్పారని అడిగితే, "నేనే చెప్పిన సార్, రోజుకు గిన్ని సుట్లని" అన్నాడు. ఆయన సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో మందలింపు పడింది. ఇరవై ఏళ్లలో అదొక్కటే. చాందినిని ఒక జట్కావాడు వేలంలో పాడుకున్నాడు. కొన్నాళ్లకు నాంపల్లి స్టేషన్ దగ్గర కనిపించింది. నాయిన ఆగి మెడ నిమిరితే చెవులు ముందుకు పెట్టింది. "మంచి గుర్రం సాబ్, ఎడమకు మాత్రం జర ఒరుగుతది" అన్నాడు జట్కావాడు. నాయిన తలూపాడు.  ఆ నెలలోనే నేను డైరీ మొదలుపెట్టాను. ప్రతి పేజీ కింద ఒక గీత గీసి, ఆ గీత కింద ఆ రోజు మంచిగా జరిగింది ఏమిటో ఒకటి రాసేదాన్ని. ఎందుకు మొదలుపెట్టావని అడిగిన వాళ్లకు, లెక్కల మనిషిని కదా అని చెప్పి తప్పించుకునేదాన్ని. చాందిని పేరు మాత్రం బిస్కెట్ వచ్చేదాకా ఎక్కడా రాయలేదు.

మర్నాడు పొద్దున ఉప్మా తింటున్న నిత్యకు ఇదంతా చెప్పాను. స్వరూప లంచ్ డబ్బా సర్దుతూ మధ్యలో ఆగిపోయింది. తన తాతగారి పుస్తకంలో ఎర్ర సిరా ఉందని దానికీ తెలియదు. నిత్య చెంచా కింద పెట్టి, "సో, మనం వాడికి లీన్ అవడం టీచ్ చేశామా? టూ వీక్స్?" అంది.

"నేను చేశాను. నువ్వు నేను చెప్పింది చేశావు."

"అమ్మమ్మా, నువ్వు ఫిఫ్టీన్. వాళ్లు ఒక కిడ్‌కి ఎందుకు ఇచ్చారు హార్స్‌ని?"

"నేను అడిగి తీసుకున్నట్టే లెక్క" అన్నాను. స్వరూప ఫ్రిజ్ మీద చార్టు పీకి చెత్తబుట్టలో వేసింది. రవి ఆ బుట్ట వైపు చూసి, "పాపం, గుర్రం పాసైపోయిందనుకున్నానండీ" అన్నాడు. నవ్వొచ్చింది అందరికీ, అవసరమైన నవ్వే.

డోనా దగ్గరికి వెళ్లి, నా బడి ఇంగ్లీషులో, రోజూ మేం ఎన్ని చుట్లు తిప్పామో దాచకుండా చెప్పాను. ఆవిడ టోపీ తీసి నుదురు తుడుచుకుంది. కొంచెం కాంటర్, వెంటనే దుల్కీ, మళ్లీ కొంచెం కాంటర్ అని మే నెల నుంచీ చెబుతూనే ఉన్నాను కదా అంది. నిజమే. పాఠం అయ్యాక ఆవిడ రాసిచ్చిన కాగితంలో ఆ మాటే ఉంది. మేం అందులో కాంటర్ అన్న మాట ఒక్కటే చదువుకున్నాం. లెక్కపెట్టగలిగింది కనిపిస్తే చాలు, మా ఇంట్లో ఇంకేమీ కనిపించదు. మూడు రోజులు బిస్కెట్‌ను నడకకే పరిమితం చేయమంది. ఆ తర్వాత మేం మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాం. ఈసారి నేను కుర్చీని అటు తిప్పుకుని, మైదానానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా గడ్డి మోపుల షెడ్డు, దాని అవతల హైవే. మీ గ్రాండ్‌మాకి బోర్ కొడుతోందా, ఫోన్ ఏమైనా ఇవ్వమంటావా అని డోనా నిత్యను అడిగిందట.

మొదట్లో ఏమీ వినిపించలేదు. చెవి తుప్పు పట్టి ఉంది. నాలుగో రోజుకు తేలింది, మూడు దెబ్బలు, ఒక ఖాళీ. నిత్యకు ఎలా చెప్పాలో తెలియక కుర్చీ చేతి మీద తట్టి చూపించాను. గుర్రం మీదనుంచే అరిచింది, "ఇది తకిట, అమ్మమ్మా. డాన్స్ క్లాస్‌లో తకిట." అంతకన్నా బాగా మా నాయిన కూడా చెప్పలేడు. అప్పటినుంచి నిత్య స్వారీ చేస్తూ తకిట తకిట అనుకునేది, తకిట చెడబోతోందనిపించగానే దుల్కీలోకి దింపేది. చేతులు వదులు చేసింది. వదులు చేసిన మొదటిరోజు బిస్కెట్ ఆనుకోవడానికేమీ లేక కంగారుపడి తలూపాడు. రెండు వారాలకు తన తల తానే మోసుకోవడం నేర్చుకున్నాడు. డోనా ఇసకలో కర్రదుంగలు పరిచి వాటి మీదుగా దుల్కీలో నడిపించింది, కాళ్లు ఎత్తి పెట్టడం అలవాటు కావడానికి. మా నాయిన వెదురు బొంగులు పరిచేవాడు. నా డైరీలో ఇప్పుడు ఒకటే గడి. మంచిగ అని దాని పేరు, ఒరగకుండా వరసగా వేసిన అంగల లెక్క. నాలుగు. ఐదు. నాలుగు. ఏడు. ఒకరోజు సున్నా. ఆ సున్నా రాయడానికి నా చెయ్యి మొరాయించింది, అయినా రాశాను. ఆగస్టు రెండో వారానికి పన్నెండు.

అప్పటికీ ఇప్పటికీ తేడాలు చాలా ఉన్నాయి. చాందినికి ఒక నంబరు ఉండేది, తొడ మీద ముద్ర. బిస్కెట్‌కు తన పేరు కుట్టిన దుప్పటి ఉంది, పళ్లు చూడటానికి ఆరునెలలకోసారి డాక్టరు వస్తాడు. మాకు ఆఫీసరు ఒక్క చూపు చూసి ఒక్క మాట రాసేవాడు. డోనా వేసవి అంతా గడువు ఇచ్చింది, ఇచ్చిన గడువులో పక్కన నిలబడి చూపించింది కూడా. నిత్య తప్పుగా తిప్పితే దాని బదులు సంతకం పెట్టి ఎర్ర సిరా మోయాల్సిన తండ్రి లేడు, అలాంటి అవసరం రాలేదు. ఈ లెక్కలో ఇక్కడి పద్ధతికే ఎక్కువ మార్కులు పడతాయి, ఒప్పుకుంటాను. కానీ నిత్య ఫోన్‌లో వీడియోలు తీసి నెమ్మదిగా ఆడించి చూపించినప్పుడల్లా నాకు చివరికి నాయిన బోర్లించుకున్న బకెట్టే గుర్తొచ్చేది. ఆ వీడియోల్లో బిస్కెట్ ప్రతిసారీ అందంగా ఉండేవాడు.

డోనా పెట్టిన గడువు రోజు వచ్చింది. స్వరూప ఆఫీసు మానేసింది, రవి కూడా. ఇద్దరూ కంచె పట్టుకుని నిలబడ్డారు. నేను కుర్చీ అటు తిప్పుకున్నాను. "అమ్మా, ఇయ్యాలన్న ఇటు తిరుగు" అంది స్వరూప. తిరగలేదు. కుడి చుట్టు అయింది, దాని గురించి దిగులు లేదు. ఎడమవైపు మారమంది డోనా. ఒక చుట్టు పూర్తిగా అంటే పద్దెనిమిది, పంతొమ్మిది అంగలు. మేం పన్నెండు ఎప్పుడూ దాటలేదు. దుల్కీ వినిపించింది, రెండేసి దెబ్బలు, తీరిగ్గా. ఆ తర్వాత తకిట. లెక్కపెట్టాను. పది దగ్గర మలుపు వస్తుందని నాకు తెలుసు. పదకొండు, పన్నెండు. చాందిని ఒరిగింది ఆ చోటే. పదమూడులో మూడో దెబ్బ కొంచెం బరువుగా పడింది. నా రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. "చేతులు వదులు" అని నాలో నేను అన్నానో, పైకే అన్నానో తెలియదు. పద్నాలుగు తేలికగా పడింది. ఖాళీ ఉంది. పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. ఆ తర్వాత దుల్కీ, ఆ తర్వాత నడక, ఆ తర్వాత గుర్రం ముక్కులోంచి పెద్ద గాలి.

 డోనా బూట్ల చప్పుడు నా పక్కనుంచి బార్న్‌లోకి వెళ్లింది. లోపల తెల్లబోర్డు మీద గుర్రాల పేర్లు, పక్కన వచ్చే నెల పాఠాలకు వచ్చే పిల్లల పేర్లు రాసి ఉంటాయి. మార్కర్ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. రవి వెళ్లి చూసొచ్చి, "అత్తయ్యగారూ, మనోడికి సెప్టెంబర్‌లో ఇద్దరు స్టూడెంట్లండీ" అన్నాడు.

"అమ్మమ్మా, ఇంకొకటి చేస్తా. జస్ట్ వన్ మోర్. వీడు ట్వెంటీ చేస్తాడు, ఐ నో" అంది నిత్య. బిస్కెట్ చెవులు ముందుకు పెట్టుకుని ఉన్నాడు, చేసేవాడే కావచ్చు.

నేను అప్పుడు కుర్చీ ఇటు తిప్పాను. "దిగు" అన్నాను.

దిగింది. జీను పట్టీ వదులు చేసి, వాడి మెడ మీద ముఖం పెట్టుకుని నిలబడింది. వెళ్లేముందు వాడి తోక దువ్వి, దువ్వెనలో మిగిలిన వెంట్రుకలకు రబ్బరు బ్యాండు చుట్టి నాకిచ్చింది. బిస్కెట్ ఇప్పటికీ డోనా దగ్గరే ఉన్నాడు. ఎనిమిదేళ్ల పిల్లలకు కాంటర్ నేర్పుతున్నాడని మొన్న ఫోన్‌లో చెప్పింది నిత్య.

రంగుల వాళ్లు బెల్లు కొట్టినప్పుడు నేను చూస్తున్నది ఆ రోజు పేజీనే. రెండే వరుసలు ఉన్నాయి అందులో. మొదటిది బిస్కెట్, ఎడమ చుట్టు, మంచిగ, పంతొమ్మిది. దాని కింద ఆనాడే చాందిని, ఎడమ చుట్టు, మంచిగ అని రాసి, ఆ పక్క గడి ఖాళీగా వదిలేశాను. నేను లెక్కపెట్టని అంకెను రాయను. వెంట్రుకలను ఆ రెండు వరుసల మధ్యే పెట్టి డైరీ మూసి, పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి, తలుపు తీయడానికి కిందికి దిగాను.